సిమెంటు దుమ్ములోంచి పుట్టిన గ్రాంటు

మాచర్ల, పిడుగురాళ్ల పక్క తండాలోళ్లకి సిమెంటు దుమ్ము గురించి వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో రివర్‌సైడ్ దగ్గర నారింజ తోటల మీద అదే దుమ్ము పడితే రైతులు ఫ్యాక్టరీ మీద కోర్టుకెళ్లారు. దుమ్ముని కరెంటుతో పట్టేసే యంత్రాన్ని కనిపెట్టింది బర్క్‌లీలో కెమిస్ట్రీ చెప్పిన ఫ్రెడరిక్ కాట్రెల్. పేటెంటు డబ్బు జేబులో వేసుకోకుండా 1912లో రీసెర్చ్ కార్పొరేషన్ పెట్టి పరిశోధనకి మళ్లించాడు (ఎంతమంది చేస్తారు ఇలా?). ఆ సంస్థే 1994 నుంచి కాట్రెల్ స్కాలర్ అవార్డు ఇస్తోంది. ఉద్యోగంలో కొత్తగా చేరి, డిగ్రీ పిల్లలకి పాఠం చెబుతూ పరిశోధన కూడా చేసే కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఖగోళశాస్త్ర అధ్యాపకులకి అది.

మన దేశంలో ఎస్సీ, ఎస్టీ పరిశోధకుల కోసం ఎస్‌ఈఆర్‌బీ పెట్టింది ఈఈక్యూ పథకం. మంచిదే. కానీ దానికి రెగ్యులర్ పోస్టు ఉండాల్సి వచ్చేది. పీహెచ్‌డీ చేసి కూడా గెస్టు లెక్చరర్‌గా నెట్టుకొస్తున్న మన అన్నలు, అక్కలు ఆ గుమ్మం బయటే ఉండిపోయారు.