మాసాహెబా చెఱువు - చాచా నెహ్రూ పార్కు

హైదరాబాదునందు మెహదీపట్నము నుండి లక్డీకాపూలు పోవు దారిలో "మాసబ్ ట్యాంక్" అని కండక్టరు కేకవేయగా దిగిన క్రొత్తవారికి అచ్చట చెఱువేదియు కానరాదు. ఆ పేరు మొదట మాసాహెబా తాలాబు. మాసాహెబా యనగా అమ్మగారు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తెయు, అబ్దుల్లా కుతుబ్ షా తల్లియునగు హయాత్ బక్షీ బేగమును ప్రజలు ఆ పేరిట గౌరవించిరి. 1626లో అబ్దుల్లా చిన్ననాడే గద్దె నెక్కినందున రాజ్యభారమున ఆమె పాలు మిక్కుటము. విజయవాడ బాటలోని హయత్‌నగరమును ఆమె పేరిటిదే. కాలక్రమమున తాలాబును ఇంగ్లీషు ట్యాంకు త్రోసివేసినది. మాసాహెబా మాసబ్ అయినది. తుదకు నీరును పోయినది.

చెఱువు ఎట్లు పోవునో పల్లెవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆయకట్టు ఉన్నన్నాళ్లు తూము చూచుటకు నీరడి యుండును, కట్టకు మన్ను వేయుటకు రైతులుందురు. ఆయకట్టు ఇండ్లస్థలములైన పిమ్మట చెఱువుతో పనియున్నవాడు ఒక్కడును మిగులడు. కట్ట బాటయగును, శిఖము కాలనీయగును. నగరపు చెఱువులలో పెక్కింటి కథ ఇదియే. అయితే మాసాహెబా చెఱువు చోట చాచా నెహ్రూ పార్కు అను తోట నిలిచినది. నీరు పోయినందుకు విచారింపవలసినదే. కాని కొంత నేలయైన పిల్లల ఆటకును, వృద్ధుల నడకకును దక్కుట చిన్న సంగతి కాదు.

ఇట్టి తోటలకు ధనమెవరిచ్చిరి? పూర్వము ఈ ప్రశ్నకు జవాబు సులభము. నాంపల్లిలోని బాగె ఆం అసఫ్‌జాహీ ప్రభువుల ఖజానా మీద వెలసినది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్న తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగర రక్షణకు పథకము సిద్ధపఱచిరి. దాని ఫలముగా 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. నదీతీరమును తోటలతో తీర్చుటయు ఆయన సూచనలలో నొకటి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇఱుకు వాడలను తొలగించి, బాటలు వెడల్పు చేసి, ఉద్యానములు వేసినది. అనగా తోట పనికి ప్రత్యేకమైన మండలియు, ప్రత్యేకమైన డబ్బును ఉండెను.

ప్రజాప్రభుత్వము వచ్చిన పిదప పెద్ద ఉద్యానములకు కొదవ కలుగలేదు. ఇందిరా పార్కునకు 1975లో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మదుగారు శంకుస్థాపన చేయగా 1978లో అది తెఱవబడెను. విస్తీర్ణము 76 ఎకరములు. 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము జాతీయ ఉద్యానముగా ప్రకటింపబడినది. అయితే శిలాఫలకమునకు ఒక్కసారి ఖర్చు. తోటమాలి జీతము, బోరుబావి కరెంటు, విఱిగిన ఉయ్యాల బాగుచేత ఏటేట ఖర్చు. పార్కులు పాడగుట సాధారణముగా ఈ రెండవ ఖర్చు దగ్గరనే.

ఇచ్చట గ్రంథాలయముతో పోల్చి చూచుట ఉచితము. 1914లో బెజవాడ సభతో సంఘటితమైన ఆంధ్ర గ్రంథాలయోద్యమము పుస్తకములతోనే తృప్తిపడలేదు. 1948 నాటి మదరాసు చట్టము ఆస్తిపన్ను రూపాయికి పాతలెక్క 6 పైల చొప్పున గ్రంథాలయపు సెస్సు విధించినది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము క్రింద అది రూపాయికి 8 పైసలైనది. ఇంటిపన్ను రసీదులో దానికొక పద్దు కలదు. బకాయిలు పేరుకొనుట వేఱు మాట. పద్దు ఉన్నది గనుక బకాయి యని అడుగవచ్చును. పార్కునకు అట్టి పద్దు లేదు. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము బడ్జెటులో పదవవంతు పచ్చదనమునకు కేటాయింపుమన్నది. మంచిదే, కాని మొక్క నాటుట వేఱు, ఆటస్థలము నడపుట వేఱు.

రాజ్యాంగమందును ఈ తేడా కనబడును. 74వ సవరణతో వచ్చిన పన్నెండవ షెడ్యూలు ఉద్యానములు, ఆటస్థలములను పట్టణముల బాధ్యతలలో 12వదిగా పేర్కొన్నది. పంచాయతీలకు సంబంధించిన పదునొకండవ షెడ్యూలులో గ్రంథాలయములు 20వ అంశముగ నున్నవి. పార్కు పేరు మాత్రము లేదు. సామాజిక ఆస్తుల పోషణ యను 29వ అంశములో దానిని ఇఱికించుకొనవలసినదే.

నేల మాటయు చెప్పవలెను. లేఅవుటు వేయువాడు నూటికి పదిపాళ్లు ఖాళీస్థలము విడువవలెనని నిబంధన. విడువని అక్రమ లేఅవుట్లను క్రమబద్ధము చేయునపుడు స్థలపు విలువలో 14 శాతము రుసుము గొందురు. 5 లక్షల స్థలమునకు 70 వేలు. రుసుము ఖజానాకు వచ్చును. ఆ వీథి పిల్లలకు మాత్రము ఆడుకొన చోటు రాదు. చోటున్నచోట దానిని నిలుపుకొన్న కథ బెంగుళూరుది. పార్కునకు ఉద్దేశించిన స్థలమును ఒక ప్రైవేటు ఆసుపత్రికి కేటాయింపగా కాలనీవాసులు న్యాయస్థానమున కెక్కిరి. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పు చెప్పినది. అక్కడ గెలిపించినది లేఅవుటు నక్షలో "పార్కు" అని వ్రాసియున్న మాట.

పట్టణపు సంగతి పల్లెకేలయని అనుకొనరాదు. 2007లో గ్రేటర్ హైదరాబాదు ఏర్పడునపుడు 12 పురపాలక సంఘములతో పాటు 8 గ్రామ పంచాయతీలును అందు కలిసినవి. నిన్నటి గ్రామకంఠము, బంజరు నేటి నగరపు స్థలమగుటకు ఒక్క ఉత్తర్వు చాలును. 2020 నుండి తెలంగాణ పల్లెలలో పల్లె ప్రకృతి వనములు వెలసినవి. గుంతలు త్రవ్వుటకును, నీరు పోయుటకును ఉపాధి హామీ కూలి ఆసరా యైనది. కూలి వచ్చినచోట వేప, కానుగ మొక్కలు నిలద్రొక్కుకొన్నవి. ఇక మీద ఏ వేసవిలోనైన ఆ కూలి రాకున్న, ట్యాంకరు నీటికి పైకము ఏ పద్దు నుండి తీయవలెనో గ్రామసభలో ముందుగనే వ్రాసియుంచుకొన్న పంచాయతీ వనము మాత్రము ఎండదు. అట్లే ఆ వనపు సర్వే నంబరును, హద్దులను పంచాయతీ ఆస్తుల రిజిష్టరులో నెక్కించుటకు పావు దినము పట్టును.