ఇండోనేషియాలో ఇస్లాం

ఇండోనేషియాలో ఇస్లాం అత్యధిక జనుల మతము. దేశములో 20 కోట్లకు పైగా ముస్లింలు ఉన్నారు. వీరిలో అధికులు షాఫియీ న్యాయసంప్రదాయమును అనుసరించు సున్నీలు. వందలాది భాషలు, జాతులు గల ఈ ద్వీపసమూహములో ఇస్లాం ప్రధానముగా దండయాత్రల వలన గాక వర్తకులు, సూఫీ గురువుల ద్వారా వ్యాపించినది.

ఆరంభము

1292లో ఉత్తర సుమత్రాకు వచ్చిన మార్కోపోలో పెర్లాక్ పట్టణవాసులు ముస్లింలని వ్రాసినాడు. సముద్ర పసై రాజ్యపు సుల్తాన్ మలిక్ అల్ సాలిహ్ సమాధి శిల 1297 నాటిది. 1345-46 ప్రాంతములో ఇబ్న్ బతూతా ఈ రాజ్యమును దర్శించెను.

సుల్తానుల రాజ్యములు

మజాపహిత్ హిందూ-బౌద్ధ సామ్రాజ్యము క్షీణించిన పిదప జావాలో దెమాక్ రాజ్యము బలపడినది. 1511లో పోర్చుగీసువారు మలక్కాను ఆక్రమించుటతో అనేక ముస్లిం వర్తకులు ఆచే మొదలగు రేవులకు తరలిరి. 17వ శతాబ్దములో గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నము నుండి ఆచేకు వస్త్రములు ఎగుమతి అయ్యేవి.

స్థానిక సంస్కృతితో సమన్వయము

జావాలో మతప్రచారము చేసిన తొమ్మిదిమంది గురువులను 'వలి సంగ' అందురు. కుదుస్ మసీదు యొక్క ఇటుక గోపురము మజాపహిత్ ఆలయములను పోలియుండును. స్థానిక హిందువుల మనోభావములను గౌరవించి సునన్ కుదుస్ అచట గోవధను వారించెనని ఐతిహ్యము. 1633లో మతారాం పాలకుడు సుల్తాన్ ఆగుంగ్ హిజ్రీ చాంద్రమాన పంచాంగమును స్వీకరించియు శక సంవత్సర సంఖ్యనే కొనసాగించెను. తోలుబొమ్మలాటలలో రామాయణ, మహాభారత కథలు నేటికీ ప్రదర్శింపబడుచున్నవి.

ఈ సమన్వయమునకు వ్యతిరేకత లేకపోలేదు. పశ్చిమ సుమత్రాలోని మినాంగ్‌కబావు జాతిలో ఆస్తి తల్లి నుండి కుమార్తెకు సంక్రమించును. పాద్రీలు అను సంస్కర్తలు ఇట్టి స్థానిక ఆచారములను ఎదిరించగా అంతర్యుద్ధము చెలరేగినది. 1821లో డచ్చివారు జోక్యము చేసికొని 1837 నాటికి పాద్రీలను అణచిరి. అయినను మాతృవంశ ఆచారము నిలిచినది.

ఆధునిక కాలము

1912లో అహ్మద్ దహ్లాన్ యోగ్యకర్తలో సంస్కరణవాద సంస్థ 'ముహమ్మదియా'ను స్థాపించెను. సంప్రదాయ ఉలేమాలు 1926లో 'నహ్దతుల్ ఉలమా'ను స్థాపించిరి. ఈ రెండును విద్యాలయములను నిర్వహించుచున్నవి.

1945 జూన్‌లో రూపొందిన 'జకార్తా పత్రము'లో ముస్లింలు షరియాను పాటించవలెనను నిబంధన ఉండెను. తూర్పు ద్వీపముల క్రైస్తవుల అభ్యంతరము వలన ఆగస్టు 18న దానిని తొలగించి, పంచశీల సూత్రములలో ఏకేశ్వర విశ్వాసమును మాత్రమే ఉంచిరి. ఇందువలన ఇండోనేషియా ఇస్లామిక రాజ్యము గాని, పూర్తి లౌకిక రాజ్యము గాని కాలేదు. ఈ నిర్ణయముపై వివాదము తరువాతి దశాబ్దములలోను కొనసాగినది. ఆచేలో దీర్ఘకాలము సాగిన వేర్పాటు పోరు 2005 శాంతి ఒప్పందముతో ముగిసినది. ప్రత్యేక ప్రతిపత్తి గల ఆ రాష్ట్రములో షరియా చట్టము అమలులో నున్నది. 2017లో రాజ్యాంగ న్యాయస్థానము స్థానిక మతవిశ్వాసములను గుర్తింపు పత్రములలో నమోదు చేయుటకు అనుమతించినది.

ఇవి కూడా చూడండి

• మజాపహిత్ సామ్రాజ్యము
• మలక్కా
• పంచశీల (ఇండోనేషియా)