స్వయంచాలక సెండ్/రిసీవ్

డెస్క్‌టాప్ ఈ-మెయిల్ సాఫ్ట్‌వేరు, వాడుకరి ప్రమేయం లేకుండా నిర్ణీత సమయానికి సర్వరుతో సంబంధం ఏర్పరచుకొని, రాసి ఉంచిన లేఖలను పంపి, కొత్త లేఖలను దించుకొనే ప్రక్రియను స్వయంచాలక సెండ్/రిసీవ్ అంటారు. మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్, మొజిల్లా థండర్‌బర్డ్ వంటి వాటిలో ఈ సౌకర్యము కలదు. దీనిని అదుపులో ఉంచుకొన్నచో లేఖ ఎప్పుడు వెళ్లవలెనో వాడుకరియే నిర్ణయించవచ్చును.

నేపథ్యము

1990వ దశకంలో ఎక్కువమంది టెలిఫోను తీగ ద్వారా డయల్-అప్ పద్ధతిలో అంతర్జాలాన్ని వాడేవారు. భారతదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ 1995 ఆగష్టు 15న ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించినది. లైను కలిసి ఉన్నంతసేపూ ఖర్చు పెరిగేది. కనుక ముందుగా లేఖలన్నీ రాసుకొని, ఆపై డయల్ చేసి, ఒకేసారి పంపి, వచ్చినవి దించుకొని, లైను విడిచిపెట్టేవారు. పంపవలసిన లేఖలు అంతవరకు ఔట్‌బాక్స్‌లో ఉండేవి. తపాలా డబ్బాలో వేసిన ఉత్తరాన్ని తిరిగి తీసుకొనలేము. ఔట్‌బాక్స్‌లోని లేఖను మాత్రం తెరచి దిద్దవచ్చును.

పనిచేయు విధానము

లేఖలను పంపుటకు ఎస్.ఎం.టి.పి., అందుకొనుటకు పాప్3 లేదా ఐమాప్ నియమావళులు వాడుకలో ఉన్నాయి. పాప్3లో సర్వరు తనంతట తాను కబురు చేయదు. సాఫ్ట్‌వేరే మాటిమాటికి అడుగవలెను. అందుకే విరామకాలం అవసరమైనది. ఐమాప్‌కు 1997లో చేర్చిన ఐడిల్ సదుపాయం వలన కొత్త లేఖ రాగానే సర్వరు తెలియజేయగలదు. ఎక్స్ఛేంజ్ ఖాతాలలోని లేఖలు కూడా విరామకాలం కోసం వేచి ఉండవు. ఇట్టి ఖాతాలలో రాకపోకలను పూర్తిగా ఆపుటకు 'వర్క్ ఆఫ్‌లైన్' ఎంచుకొనవలెను.

అమరికలు

క్లాసిక్ ఔట్‌లుక్: కంట్రోల్, ఆల్ట్, ఎస్ మీటలను కలిపి నొక్కినచో 'సెండ్/రిసీవ్ గ్రూప్స్' పెట్టె తెరచుకొనును. విరామకాలం సాధారణంగా 30 నిమిషాలుగా ఉంటుంది. దీనిని మార్చవచ్చును లేదా టిక్కు తీసివేయవచ్చును. అయితే 'సెండ్' నొక్కిన వెంటనే లేఖ వెళ్లకుండుటకు ఇది చాలదు. ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ విభాగంలో 'సెండ్ ఇమ్మీడియట్లీ వెన్ కనెక్టెడ్' టిక్కును కూడా తీసివేయవలెను. అటుపిమ్మట ఎఫ్9 మీట నొక్కినప్పుడు లేఖలు వెళ్లును. రూల్స్ ద్వారా ప్రతి లేఖను 120 నిమిషాల వరకు ఆలస్యంగా పంపవచ్చును.

థండర్‌బర్డ్: ఖాతా అమరికలలో సర్వరు సెట్టింగుల క్రింద విరామకాలం ఉంటుంది, ఇది సాధారణంగా 10 నిమిషాలు. 'సెండ్ లేటర్' ఎంచుకొన్న లేఖ ఔట్‌బాక్స్‌లో నిలుచును. 'సెండ్ అన్‌సెంట్ మెసేజెస్' ద్వారా దానిని పంపవచ్చును.

జాగ్రత్తలు

* పంపిన లేఖను వెనుకకు రప్పించుట అన్నివేళలా సాధ్యం కాదు. ఔట్‌లుక్‌లోని 'రీకాల్' ఒకే సంస్థకు చెందిన ఎక్స్ఛేంజ్ ఖాతాల మధ్యనే పనిచేయును. చిరునామా తప్పినా, జతపరచిన ఫైలు మారినా సరిదిద్దుకొనే అవకాశం ఔట్‌బాక్స్‌లో ఉన్నంతవరకే.
* స్వయంచాలక పంపిణీని ఆపినవారు కంప్యూటరు మూసే ముందు ఔట్‌బాక్స్ చూచుకొనవలెను. లేనిచో గడువు గల దరఖాస్తు అందులోనే ఉండిపోవచ్చును.
* ఔట్‌లుక్ ఔట్‌బాక్స్‌లోని లేఖను తెరచి దిద్దిన తరువాత మరల 'సెండ్' నొక్కవలెను. నొక్కకుండా మూసినచో అది వెళ్లదు.
* పాప్3 ఖాతాను రెండు కంప్యూటర్లలో వాడునపుడు, సర్వరులో ప్రతిని ఉంచే ఐచ్ఛికాన్ని ఎంచుకొనవలెను. లేనిచో ఒక కంప్యూటరు దించుకొని తొలగించిన లేఖలు రెండవదానికి అందవు.

ఇవి కూడా చూడండి

* ఈ-మెయిల్
* మొజిల్లా థండర్‌బర్డ్