తుమ్మిపూవు, దాని గుర్తింపు

తొలకరి వానల పిమ్మట తెలుగునాట పొలముగట్లపైనను, బీళ్ళలోను, బాటల ప్రక్కలను తనంతట తానే మొలచు తుమ్మిమొక్కను మన పూర్వులు శాస్త్రగ్రంథముల సాయము లేకయే గుర్తించిరి. శివపూజకు దాని పూవులు కోసిన భక్తులును, వినాయకచవితినాడు తుమ్మికూర వండు తెలంగాణ గృహిణులును ఆ జ్ఞానమును తరతరములుగా కాపాడినవారు.

తులసీకుటుంబపు లక్షణములన్నియు దీనియందు ప్రత్యక్షములు. కాండమును వ్రేళ్ళతో తడిమినచో నాలుగు పలకలు తెలియును. ఆకులు సన్ననివై ఎదురెదురుగా పుట్టును. కణుపుల చుట్టును తెల్లని పూవులు గుత్తులు కట్టును. ఒక్క పూవును విడదీసి చూచినచో, నూగుతో నిండిన చిన్న పైపెదవి గొడుగువలె నాలుగు కేసరములను కప్పియుండగా, క్రిందిపెదవి విశాలమై ముందుకు చాచుకొనియుండును. అది వ్రాలు తేనెటీగకు ఆసనము. పెద్దతుమ్మి దీనికి దగ్గరి చుట్టమే కాని, దాని పూగుత్తి మిక్కిలి పెద్దదై గుండ్రముగా నుండును. ద్రోణపుష్పి యను పేరు రెండింటికిని చెల్లుటచే, మూలికలు సేకరించువారు ఈ భేదమును తప్పక గమనింపవలెను.

1793 వరకు సామర్లకోటలో నివసించిన విలియం రాక్స్‌బర్గు దేశీయ చిత్రకారులచే కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు వ్రాయించి, ఈ ప్రాంతపు వృక్షశాస్త్రమునకు పునాది వేసెను. అయినను తుమ్మికి శాస్త్రనామము బెర్లినులో నిలిచినది: విల్డెనో 1809లో దీనిని ఫ్లోమిస్ ఆస్పెరా యనెను, మరుసటి యేడు రాబర్ట్ బ్రౌను ల్యూకాస్ ప్రజాతిని ఏర్పరచెను, 1822లో లింకు దీనిని అందు చేర్చెను. ఆ పండితుల శ్రమ గౌరవార్హమే. కాని చవితి ముందు కట్టలు కట్టి అంగడికి తెచ్చు స్త్రీల నేర్పును అంతకు తక్కువగా నెంచుట నాకు న్యాయమని తోచదు.