బ్రాడ్ స్ట్రీట్ కలరా ఉపద్రవం (1854)

బ్రాడ్ స్ట్రీట్ కలరా ఉపద్రవం 1854 ఆగస్టు-సెప్టెంబరు నెలలలో లండన్ నగరంలోని సోహో ప్రాంతంలో సంభవించింది. ఇందులో 616 మంది మరణించారు. కలరా (వాంతిభేది) కలుషితమైన నీటి ద్వారా వ్యాపిస్తుందని వైద్యుడు జాన్ స్నో ఈ సందర్భంగానే బలమైన ఆధారాలతో చూపాడు. ప్రజారోగ్య చరిత్రలో ఇది ఒక ముఖ్య ఘట్టముగా పరిగణింపబడుతున్నది.

నేపథ్యం

విక్టోరియా మహారాణి కాలంలో లండన్ జనాభా శరవేగంగా పెరిగింది గాని, మురుగు పారుదల ఏర్పాట్లు అందుకు తగినట్లు పెరగలేదు. సోహోలో ఒక్కొక్క ఇంటిలో అనేక కుటుంబాలు, తరచు గదికి ఒకటి చొప్పున, కిక్కిరిసి నివసించేవి. ఇళ్ళ క్రింద మలగుంటలు ఉండేవి. కాలువలలోకి వదిలిన మురుగు చివరకు థేమ్స్ నదిలో కలిసేది. నగరంలో చాలామంది త్రాగునీరు ఆ నది నుండి వచ్చినదే. దుర్గంధంతో కూడిన గాలి వల్ల రోగాలు వస్తాయని అప్పటి వైద్యులలోను, అధికారులలోను అధికులు నమ్మేవారు. జాన్ స్నో మాత్రం 1849లోనే దీనికి భిన్నమైన అభిప్రాయాన్ని ప్రచురించాడు, కాని దానిని పట్టించుకున్నవారు తక్కువ.

వ్యాధి వ్యాప్తి, పరిశోధన

ఆగస్టు 31న వ్యాధి ఒక్కసారిగా విజృంభించింది. మూడు రోజులలోనే బ్రాడ్ స్ట్రీట్ పరిసరాలలో 127 మంది చనిపోయారు. ప్రాణభయంతో ఎందరో ఇళ్ళు విడిచి వెళ్ళిపోయారు.

మృతుల ఇళ్ళను గుర్తించగా, అవి ఎక్కువగా బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూనే ఉన్నట్లు స్నో గమనించాడు. ఆయన వాదనకు బలమిచ్చినవి నిజానికి మినహాయింపులే. సమీపంలోని నిరుపేదల వర్క్‌హౌస్‌లో 500 మందికి పైగా ఉన్నా ఐదుగురే మరణించారు. దానికి సొంత బావి ఉండేది. అదే వీధిలోని సారాయి బట్టీ వంటి బీరు కర్మాగారంలో పనివారు 70 మంది ఉండగా, వారిలో ఎవరూ కలరాతో చనిపోలేదు. వారు బీరు త్రాగేవారు గాని పంపు నీరు త్రాగేవారు కారు. దూరాన హాంప్‌స్టెడ్‌లో మరణించిన ఒక వితంతువు, ఈ పంపు నీటి రుచి ఇష్టపడి రోజూ బండిపై తెప్పించుకొనేదని తేలింది.

స్నో నివేదించిన ఆధారాలపై స్థానిక పాలకవర్గం సెప్టెంబరు 8న పంపు పిడిని తొలగించింది. దీనితోనే వ్యాధి ఆగిపోయిందని తరచు చెప్పబడుతున్నది గాని, జనం వలస పోవడంతో అప్పటికే మరణాలు తగ్గుముఖం పట్టాయి. ఈ సంగతి స్నో స్వయంగా అంగీకరించాడు.

మూలకారణం

స్థానిక మతాచార్యుడు హెన్రీ వైట్‌హెడ్ మొదట స్నో వాదనను ఖండించదలచి విచారణకు పూనుకొని, చివరకు దానినే సమర్థించాడు. పంపును ఆనుకొని ఉన్న 40వ నంబరు ఇంటిలో ఐదు నెలల శిశువుకు అంతకుముందే విరేచనాలు పట్టుకున్నట్లు, ఆ గుడ్డలు ఉతికిన నీటిని తల్లి మలగుంటలో పోసినట్లు ఆయన కనుగొన్నాడు. గుంట గోడలు శిథిలమై ఉన్నాయి. బావికి, దానికి నడుమ దూరం మూడడుగులకు మించదు. పిడి తీసిన రోజుననే ఆ శిశువు తండ్రి కూడా కలరా బారిన పడ్డాడు. పంపు పనిచేస్తూనే ఉంటే ఉపద్రవం మరల చెలరేగి ఉండేదేమో.

తదనంతరం

ప్రభుత్వ ఆరోగ్య మండలి సంఘం 1855లో స్నో నిర్ధారణను త్రోసిపుచ్చింది. పిడిని తిరిగి అమర్చారు కూడా. 1858 వేసవిలో థేమ్స్ కంపు పార్లమెంటు సభ్యులకే భరించరానిదయ్యాక, జోసెఫ్ బజల్జెట్ రూపొందించిన భారీ మురుగుకాలువల నిర్మాణానికి అనుమతి లభించింది. స్నో ఆ ఏడు జూన్‌లోనే మరణించాడు. కలరా క్రిమిని ఇటలీకి చెందిన ఫిలిప్పో పాచీని 1854లోనే వర్ణించినా, రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో చేసిన పరిశోధనల తరువాతనే అది విస్తృతంగా గుర్తింపు పొందింది. బ్రాడ్ స్ట్రీట్ పేరు తరువాత బ్రాడ్‌విక్ స్ట్రీట్‌గా మారింది. అక్కడ పిడి లేని పంపు నమూనా ఒకటి స్మారకంగా నిలిపారు.