కుందుర కొండల్లో వత్తుల పండుగ



క్రిస్మస్ నుంచి లెక్కపెడితే నలభయ్యో రోజు ఫిబ్రవరి 2. కాండిల్‌మాస్ అని ఇంగ్లీషువారు, లిఖ్ట్‌మెస్ అని జర్మన్లు పిలిచే పండుగ అది. బాలయేసును తల్లిదండ్రులు యెరూషలేము దేవాలయానికి తీసుకువెళ్లిన రోజు. గొర్రెపిల్లను కొనలేని పేదలు రెండు పక్షులు ఇస్తే చాలునని మోషే ధర్మశాస్త్రం వెసులుబాటు కల్పించింది. లూకా సువార్త ఆ పక్షుల మాటే చెబుతుంది. అక్కడ సుమెయోను అనే వృద్ధుడు బిడ్డను ఎత్తుకుని, ఇతడు ఇతర జాతులకు కూడా వెలుగు అన్నాడట. వత్తులు వెలిగించే ఆచారానికి మూలం ఆ మాటే. ఏడో శతాబ్దం చివర పోప్ మొదటి సెర్జియస్ రోములో ఈ రోజుకు ఊరేగింపు ఏర్పాటు చేశాడు.

ఆ వత్తులు తేనెమైనంతో చేయాలన్నది పాత నియమం. మైనం మాట వింటే మీకు మన సంతలు గుర్తుకు రావాలి. తేనె, మైనం మన కొండవాళ్లకు తరతరాలుగా తెలిసిన సరుకు. మైనంతో అచ్చు చేసి ఇత్తడి పోసే డోక్రా పనికీ అదే ఆధారం. కొండలు చీకట్లో ఉండగా దొరలు వెలుగు తెచ్చారని కొందరు రాస్తారు. ఆ మాట నాకు రుచించదు.

1882లో జర్మనీలోని బ్రెక్లుం మిషనువారు కోరాపుట్ చేరారు. అప్పుడు ఈ సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. సాలూరు, పార్వతీపురాలలోనూ వారి పని సాగింది. వారు లూథరనులు. లూథరు ఈ పండుగను ఉంచాడు గాని, వత్తులను దీవించే తంతును ఆ సంఘాలు వదిలేశాయి. అంచేత వారి పంచాంగంలో తేదీ మిగిలింది, వత్తులు మిగలలేదు. దీవించిన వత్తులతో ఊరేగే ఆచారం కథోలికులది. వారి రాయగడ మేత్రాసనం ఏర్పడింది 2016లోనే.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ మిషనరీలు వెళ్లిపోవలసివచ్చింది. రాజమండ్రి వైపు పనిచేస్తున్న అమెరికన్ లూథరనులు ఇక్కడి సంఘాలను కనిపెట్టుకున్నారు. 1928లో జయపురం ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రం వచ్చాక సాలూరు అటు, కోరాపుట్ ఇటు అయ్యాయి. బడిలో ఒడియాలో పాఠం చెప్పి, ఇంట్లో తెలుగు మాట్లాడే నాబోటివాళ్లు ఆ గీత మీదే బతుకుతున్నారు.

బ్రెక్లుం సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది డొంబులు. నేతపని, సంతల్లో బేరం వారి జీవనం. ఊళ్లో మాత్రం అంటరానివారు. సుమెయోను మాట వారికి ఎలా తగిలిందో మీరే ఊహించండి. అయితే 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, క్రైస్తవం తీసుకున్న డొంబుకు షెడ్యూల్డు కులం గుర్తింపు పోతుంది. పక్కన కూర్చున్న పరజకో, కోదుకో షెడ్యూల్డు తెగ గుర్తింపుకు మతం షరతు లేదు. ఒకే గుడి, ఒకే బల్ల. ఒకరి పిల్లవాడికి వసతిగృహంలో రిజర్వుడు సీటు అడిగే హక్కు ఉంటుంది, మరొకరి పిల్లవాడికి ఉండదు. ఆ ఉత్తర్వులోకి సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు.