మౌస్ ముట్టుకోకండి

1994. అర్ధరాత్రి దాటింది. మీ ముందు 486 పీసీ, నల్లటి డాస్ తెర. మీరు రాసిన ఆట ప్రొటెక్టెడ్ మోడ్‌లో, 1 ఎంబీ గీతకు పైన హాయిగా నడుస్తోంది. మౌస్ డ్రైవర్ కాపురం మాత్రం కింద, పాత రియల్ మోడ్‌లోనే. "మౌస్ కదిలితే ఇక్కడికి రా" అని దానికి మీ ఫంక్షన్ చిరునామా ఇచ్చారు.

మౌస్‌ను రవ్వంత జరుపుతారు.

తెర బిగుసుకుపోయింది. క్యాప్స్‌లాక్ నొక్కినా దీపం వెలగదు. ఇక రీసెట్ బటనే దిక్కు.

ఏమైంది? డ్రైవర్ లెక్కలో సెగ్మెంట్‌ని 16తో హెచ్చవేసి ఆఫ్‌సెట్ కలిపితే చిరునామా. మీరిచ్చినది సెలెక్టర్, అంటే ఒక పట్టికలో వరస సంఖ్య. పాపం, డ్రైవర్ తనకొచ్చిన లెక్కే వేసుకుని ఎక్కడికో దూకింది. రామాపురం అని మాత్రమే చెప్పి బస్సెక్కిస్తే అంతే మరి, ఏ జిల్లా రామాపురమో!

మధ్యవర్తి కావాలి. 1990లో వచ్చిన డీపీఎంఐ ఉన్నది అందుకే. ఇంటరప్ట్ 31హెచ్, ఏఎక్స్‌లో 0303హెచ్. మీ ఫంక్షన్‌నీ, 50 బైట్ల ఖాళీ స్ట్రక్చర్‌నీ చూపించండి. సీఎక్స్:డీఎక్స్‌లో ఒక రియల్ మోడ్ చిరునామా, అంటే కాల్‌బ్యాక్, తిరిగొస్తుంది. డ్రైవర్‌కి అది ఇవ్వండి.

ఆగండి, మౌస్ ముట్టుకోకండి. మీ కోడ్ ఉన్న పేజీ డిస్క్ మీదికి వెళ్లిపోయి ఉంటే? 0600హెచ్‌తో కోడ్‌నీ డేటానీ లాక్ చేయండి.

ఇప్పుడు జరపండి.

లోపలికొచ్చారు. ఇంటరప్ట్‌లు ఆగి ఉన్నాయి. స్ట్రక్చర్‌లో 24వ బైటు దగ్గర సీఎక్స్: అడ్డం కొలత. 20 దగ్గర డీఎక్స్: నిలువు. రాసుకోండి. ప్రింట్‌ఎఫ్ పెట్టి చూద్దామా? వద్దు! డాస్ ఏ పని మధ్యలో ఉందో తెలియదు, రెండోసారి పిలిస్తే తట్టుకోలేదు.

ఇక బయటపడాలి. ఐరెట్?

ఆగండి. స్ట్రక్చర్‌లోని సీఎస్:ఐపీ మీరొచ్చిన గుమ్మాన్నే చూపిస్తోంది. వెళ్తే మళ్లీ ఇక్కడికే. మళ్లీ. మళ్లీ.

డీఎస్:ఈఎస్ఐ చూడండి. డ్రైవర్ స్టాక్. పైన 4 బైట్లు, తిరుగుదారి. తీయండి. ఐపీని 42లో. సీఎస్‌ని 44లో. ఎస్పీకి 4 కలపండి.

ఐరెట్.

బాణం కుడికి జరిగింది. ఎడమకి తెచ్చారు, వచ్చింది. ఎంతసేపైనా ఆడుకోవచ్చు. ఎస్కేప్ మీదికి వేలు వెళ్తోంది.

వద్దు! మీ ఆట పోయినా డ్రైవర్ ఉంటుంది. దాని దగ్గర ఆ చిరునామా కూడా. ముందు ఇంటరప్ట్ 33హెచ్, ఏఎక్స్‌లో 0సీహెచ్, సీఎక్స్‌లో 0. తర్వాత 0304హెచ్‌తో కాల్‌బ్యాక్ వదిలేయండి.

ఇప్పుడు నొక్కండి.